ఫాల్స్ సీలింగ్ ఆపలేని చప్పుడు

ఇల్లు కట్టే చోట సెంట్రింగ్ విప్పిన రోజున ఎవరైనా శబ్దం సంగతి ఎత్తితే మేస్త్రీ దగ్గర్నుంచి ఇంజినీరు దాకా ఒకటే మాట అంటారు: "ఐదంగుళాల స్లాబండీ, దాంట్లోంచి చప్పుడెలా వస్తుంది?" ఏడాది తిరక్కుండా పై పోర్షన్‌లో ఒక కుటుంబం అద్దెకు దిగుతుంది. వాళ్ల పిల్లాడు హాల్లో పరుగెత్తితే కింద ఓనరుగారి నెత్తిన పరుగెత్తినట్టే ఉంటుంది. రాత్రి పదకొండింటికి ఎవరో కుర్చీ జరుపుతారు. తెల్లవారుజామున అయిదింటికి ఇంకెవరో మడమలు గట్టిగా ఆనించి వంటింటి వైపు నడుస్తారు. అల్లం దంచే చిన్న రోటి పోట్లను కింది పడగ్గదిలో పడుకున్నవాళ్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవచ్చు. అప్పుడు రెండో సలహా వస్తుంది: "ఫాల్స్ సీలింగ్ చేయించుకోండి, లోపల థర్మకోల్ పెట్టిస్తే సరి."

తెలుగు రాష్ట్రాల్లో ఇల్లు కట్టుకునేవాళ్లలో ఎక్కువమంది నమ్మేది ఈ రెండు మాటల్నే. మొదటిది సగం తప్పు. రెండోది ముప్పాతిక తప్పు. పై అంతస్తు అడుగుల చప్పుడును పై ఇంటి నేలలోనే ఆపాలి. అదీ టైల్స్ పరిచే ముందే ఆపాలి. గృహప్రవేశం అయ్యాక కింది ఇంటి కప్పుకు ఏం తగిలించినా ఆ పని పూర్తిగా జరగదు. ఈ చిన్న సంగతి చెప్పేవాళ్లు లేక, జీవితకాలం సంపాదన పోసి కట్టుకున్న ఇంట్లోనే నిద్ర కరువైనవాళ్లు ఎందరో.

స్లాబు మీద నమ్మకం ఎక్కడ నిజమో ముందు చెప్పుకోవాలి. ఇంట్లో వినబడే శబ్దాలు రెండు రకాలు. మాటలు, టీవీ, పాటలు గాలిలో పుట్టి, గాలిలో ప్రయాణించి కప్పును తాకుతాయి. వీటిని ఆపేది బరువు. ఆర్‌సీసీ ఘనపు మీటరు 2,400 కిలోల పైమాటే కాబట్టి ఐదంగుళాల స్లాబు చదరపు అడుగుకు సుమారు 28 కిలోలు తూగుతుంది. అంత బరువును పై ఇంటి మాటలు కదిలించలేవు. అందుకే కిటికీలు మూసుకుంటే పై వాళ్ల సంభాషణ కింద వినబడదు. ఇక్కడ మేస్త్రీ చెప్పింది నిజమే.

కానీ మడమ, కుర్చీ కోడు, జారిపడ్డ గిన్నె, బంతి, రోకలి గాలిని తాకవు, నేలనే కొడతాయి. దెబ్బ తిన్న స్లాబు మొత్తంగా కంపిస్తుంది. కాంక్రీటు గట్టిది, బిగుతైనది, కంపనాన్ని తనలో ఇముడ్చుకునే గుణం దానికి తక్కువ. డప్పు మీద చర్మం ఎలాగో కింది గదికి స్లాబు అలాగ. మాటను ఆపిన గట్టిదనమే దెబ్బను మోసుకెళ్తుంది. పైన పరిచే విట్రిఫైడ్ టైల్స్, గ్రానైట్, మార్బుల్ ఇంకా గట్టివి కాబట్టి దెబ్బలో ఏ కొంచెమూ అక్కడ ఆగదు.

ఈ తేడాను కొలిచే పద్ధతులు ఎప్పటి నుంచో ఉన్నాయి. అమెరికా లెక్కలో గాలి శబ్దానికి ఎస్‌టీసీ, దెబ్బ శబ్దానికి ఐఐసీ అని రెండు వేర్వేరు మార్కులు వేస్తారు. రెంటిలోనూ ఎంత ఎక్కువ వస్తే అంత మంచిది. అక్కడి బిల్డింగ్ కోడ్ ఇంటికీ ఇంటికీ మధ్య నేలకు రెంటిలోనూ 50 అడుగుతుంది. ఆరంగుళాల ఉత్త స్లాబు మొదటి పరీక్షలో 50 దాటి సునాయాసంగా గట్టెక్కుతుంది. రెండో పరీక్షలో 30 దరిదాపుల్లోనే చతికిలబడుతుంది. ఒకే స్లాబు ఒక పరీక్ష పాసై ఇంకొకటి ఘోరంగా తప్పుతుందని ఇల్లు కట్టించేవాళ్లకు ఎవరూ చెప్పరు. పాసైన మార్కు ఒక్కటే చూపిస్తారు.

ఐరోపా లెక్క తీసుకున్నా కథ మారదు. అక్కడ నేల మీద ఒక సుత్తుల యంత్రం పెడతారు. అర కిలో బరువున్న ఐదు సుత్తులు 4 సెంటీమీటర్ల ఎత్తు నుంచి సెకనుకు పది దెబ్బలు వేస్తుంటే కింది గదిలో ఎంత శబ్దం వస్తుందో కొలుస్తారు. ఇక్కడ అంకె ఎంత తక్కువైతే అంత మేలు. ఉత్త కాంక్రీటు స్లాబుకు ఈ అంకెను బరువును బట్టి అంచనా వేసే సూత్రం ఐరోపా ప్రమాణాల్లో ఉంది. దాని ప్రకారం ఐదంగుళాల స్లాబుకు వచ్చేది సుమారు 77 డెసిబెల్స్. ఇంగ్లండ్, వేల్స్‌లో 2003 నాటి నిబంధనల ప్రకారం కొత్త ఇళ్ల మధ్య నేలకు గరిష్ఠ పరిమితి 62. డెసిబెల్స్‌లో 10 పెరిగితే చెవికి శబ్దం రెట్టింపు అయినట్టు వినిపిస్తుంది. 15 తేడా అంటే చిన్న విషయం కాదు.

ఇక్కడొక వాదం లేస్తుంది: "అయితే స్లాబే మందంగా వేస్తే పోలా?" స్లాబు మందం రెట్టింపు చేసి పది అంగుళాలు పోస్తే, అదే సూత్రం ప్రకారం తగ్గేది పదిన్నర డెసిబెల్స్. 77 కాస్తా 66, 67 దగ్గర ఆగుతుంది. ఇంగ్లండ్ పరిమితికి రావాలంటే ఉత్త స్లాబు అడుగుకు పైగా మందం ఉండాలి. ఆ బరువు మోయడానికి దూలాలు, పిల్లర్లు, పునాదులు, కడ్డీ అన్నీ పెరుగుతాయి. నాలుగంతస్తుల ఇంటికి ఆ ఖర్చు భరించేవాళ్లు ఎవరూ ఉండరు, భరించాల్సిన అవసరమూ లేదు.

ఆ 15 డెసిబెల్స్‌ను, ఇంకా అంతకంటే ఎక్కువే, తగ్గించేది 8, 10 మిల్లీమీటర్ల మెత్తటి పొర. అది ఉండాల్సింది స్లాబుకూ టైల్స్ కింది బెడ్డుకూ నడుమ. ఆ సంగతికి వచ్చే ముందు ఫాల్స్ సీలింగ్ లెక్క తేల్చాలి. డబ్బు వృథా అవుతున్నది ముఖ్యంగా అక్కడే.

పీఓపీ, జిప్సమ్ సీలింగ్ అందానికి బాగుంటుంది, వైర్లు దాస్తుంది, లైట్లు పెట్టుకోవడానికి వీలు. ఆ మేరకు దాని మీద ఎవరికీ ఫిర్యాదు అక్కర్లేదు. శబ్దం ఆపుతుందని చెప్పి అమ్మినప్పుడే అభ్యంతరం. పన్నెండున్నర మిల్లీమీటర్ల జిప్సమ్ బోర్డు చదరపు అడుగుకు కిలో కూడా తూగదు. అది వేలాడేది స్లాబులోకి దిగగొట్టిన స్క్రూలకు బిగించిన ఇనుప పట్టీల మీద. స్లాబు కంపిస్తే పట్టీ కంపిస్తుంది, పట్టీతో బోర్డు కంపిస్తుంది. స్లాబుకూ బోర్డుకూ మధ్య రెండంగుళాల గాలి ఖాళీ ఒక స్ప్రింగులా పనిచేసి, సుమారు 90 హెర్ట్‌జ్ దగ్గర బోర్డును ఊపుతుంది. మడమ దెబ్బలోని "ధబ్"మనే మోత బలమంతా అలాంటి కింది స్థాయి ధ్వనుల్లోనే ఉంటుంది. కుర్చీ కిర్రుమనడం కాస్త తగ్గి, అడుగుల మోత తగ్గకుండా ఉండిపోవడానికి, కొన్ని ఇళ్లలో ముందుకంటే బరువుగా వినిపించడానికి కారణం ఇదే.

దాని మీద ఫ్యాను రాడ్డుకు ఒక రంధ్రం, ఎల్ఈడీ లైట్లకు పది రంధ్రాలు, ఏసీ పైపుకు ఒకటి. కప్పులో అన్ని చిల్లులు పెట్టాక అది శబ్దానికి అడ్డుగోడ ఎలా అవుతుంది?

అసలు చిక్కు ఇంకోటి ఉంది. కంపనం స్లాబు నుంచి నేరుగా కిందికి మాత్రమే దిగదు. దూలాల్లోకి, పిల్లర్లలోకి, గోడల్లోకి పాకుతుంది. కింది గదిలో కప్పు ఎంత మోగుతుందో గోడలు కూడా కొంత మోగుతాయి. కప్పుకు మాత్రమే చొక్కా తొడిగితే నాలుగు గోడలు మాట్లాడుతూనే ఉంటాయి. హైదరాబాద్ పశ్చిమాన లేస్తున్న ఎత్తైన టవర్లలో ఇది మరీ స్పష్టం. మివాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చులు పెట్టి గోడలు, స్లాబు ఒకే పోతగా పోసినప్పుడు, కట్టడం మొత్తం ఒకే రాయి లాంటిది. ఒక ఫ్లాట్‌లో గోడకు డ్రిల్లు పెడితే మూడు అంతస్తుల అవతలివాళ్లు పక్కింట్లోనే అనుకుంటారు. అలాంటి చోట కప్పుకు ఏం తగిలించినా పూర్తి ఫలితం రాదు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. రబ్బరు లేదా స్ప్రింగు హ్యాంగర్ల మీద వేలాడదీసి, ఆరంగుళాల ఖాళీ ఇచ్చి, అందులో రాక్‌వూల్ నింపి, రెండు పొరల బోర్డు బిగించి, అంచులన్నీ సీలెంట్‌తో మూసి, ఒక్క లైటు రంధ్రం కూడా పెట్టకుండా చేసిన సీలింగ్ నిజంగానే కొంత మేలు చేస్తుంది. రికార్డింగ్ స్టూడియోల్లో అలాంటివే కడతారు. అయితే వీధి చివర షాపువాళ్లు "సౌండ్‌ప్రూఫ్ సీలింగ్" పేరుతో వేసేది అది కాదు. తొమ్మిదిన్నర అడుగుల గదిలో అరడుగుకు పైగా ఎత్తు వదులుకుని, అంత ఖర్చు పెట్టి, గోడల వెంట దిగే మోతను ఇంకా వింటూ ఉండాల్సినవాళ్లు ఆ లెక్క ముందే తెలుసుకుని దిగాలి.

థర్మకోల్, ఫోమ్, గుడ్ల అట్టల సంగతి ఇంకా ప్రమాదకరం. స్టూడియో గోడల మీద కనిపించే ముళ్ల ముళ్ల ఫోమ్ ఆ గదిలోని ప్రతిధ్వనిని తగ్గించడానికి పెట్టింది. లోపల మాట్లాడిన మాట గోడకు తగిలి తిరిగి మైకులోకి రాకుండా చూడటమే దాని పని. బయటి శబ్దాన్ని ఆపే బరువు దానికి లేదు. రెండంగుళాల ఫోమ్ చదరపు అడుగుకు నూరు, నూటయాభై గ్రాములు తూగుతుంది. 28 కిలోల స్లాబు ఆపలేని దెబ్బను ఆ గ్రాములు ఆపవు. థర్మకోల్ వేడిని ఆపుతుంది, ఆ గుణం దానికి ఉంది. శబ్దాన్ని పీల్చడానికి కావలసిన తెరిచిన రంధ్రాలే అందులో ఉండవు.

అవి చేయగలిగింది ఒకటి ఉంది: మండటం. 2003 ఫిబ్రవరి 20 రాత్రి అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం వెస్ట్ వార్విక్‌లో స్టేషన్ అనే నైట్‌క్లబ్బు తగలబడి 100 మంది చనిపోయారు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు చప్పుడు గురించి ఫిర్యాదు చేస్తుంటే యజమానులు వేదిక చుట్టూ పాలీయురేథేన్ ఫోమ్ అంటించారు. బాణసంచా నిప్పురవ్వ దానికే అంటుకుంది. 2013 జనవరి 27న బ్రెజిల్‌లోని సాంతా మారియాలో కిస్ నైట్‌క్లబ్బులో కప్పుకు అంటించిన ఫోమ్ అంటుకుని, విషపు పొగకు 242 మంది బలయ్యారు. రెండు చోట్లా మంటను పెంచి, పొగను పుట్టించింది శబ్దం ఆపుతుందని తెచ్చి అంటించిన మెత్తటి ఫోమే. పడగ్గది కప్పు లోపల కరెంటు వైర్ల పక్కన థర్మకోల్, ఫోమ్ కుక్కించుకునేవాళ్లు ఈ రెండు రాత్రులను గుర్తుంచుకోవాలి. ఖాళీలో ఏదైనా నింపాల్సి వస్తే మండని రాక్‌వూల్ లేదా గ్లాస్‌వూల్ నింపాలి. ఇందులో రాజీకి చోటు లేదు.

ఇప్పుడు అసలు పని దగ్గరికి. దెబ్బ పుట్టే చోటే దాన్ని మెత్తబరచాలి. నేల పై పొర స్లాబుకు ఎక్కడా తగలకుండా మెత్తటి పరుపు మీద తేలుతున్నట్టు ఉండాలి. జర్మనీలో ఇళ్లు, అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడు ఇది ప్రత్యేకమైన పనిగా లెక్కలోకే రాదు, అక్కడి మామూలు నేల అదే. అడుగుల చప్పుడుకు జర్మన్ భాషలో విడిగా ఒక మాటే ఉంది, ట్రిట్‌షాల్ అని. దాన్ని ఆపే పొర లేకుండా అక్కడ నేల వేయరు.

పని తీరు ఇలా ఉంటుంది. స్లాబు మీద గడ్డకట్టిన సిమెంటు పెళ్లలన్నీ గీకి శుభ్రం చేస్తారు. దాని మీద క్రాస్‌లింక్డ్ పాలీఇథిలీన్ షీటు గానీ, పాత టైర్ల పొడితో చేసిన రబ్బరు షీటు గానీ, గట్టి మినరల్ ఊల్ పలక గానీ పరుస్తారు. అతుకుల మీద టేపు వేస్తారు. అదే షీటు ముక్కను గోడ వెంబడి చుట్టూ, రాబోయే టైల్ మట్టం కంటే పైకి లేచేలా నిలబెడతారు. పైన ఒక పాలిథిన్ కాగితం వేసి, సన్నటి మెష్‌తో రెండున్నర అంగుళాల సిమెంటు బెడ్డు పోస్తారు. టైల్స్ దాని మీద వస్తాయి. టైల్స్ అయ్యాక గోడ పక్కన పైకి లేచిన షీటును కోసేసి, ఆ సన్నటి సందును సిలికాన్‌తో మూస్తారు. స్కర్టింగ్ గోడకు అంటుకుని ఉండాలి, కింది అంచు టైల్‌ను తాకకూడదు.

ఇంతే. ఇందులో ఇక్కడి మేస్త్రీలకు చేతకాని పని ఏదీ లేదు. కావలసింది కాపలా. షీటు ఒక చోట చిరిగి, సిమెంటు పాలు కారి స్లాబుకు అంటుకుందంటే ఆ ఒక్క వంతెన చాలు, దెబ్బంతా దాని మీదుగా కిందికి దిగిపోతుంది. స్కర్టింగ్ కింద కాస్త సిమెంటు పూసి నున్నగా చేయడం మన పనివాళ్లకు మంచి పనితనం కింద లెక్క. ఇక్కడ ఆ మంచి పనితనమే పని చెడగొడుతుంది. కాబట్టి టైల్స్ వేసే మూడు నాలుగు రోజులూ ఇంటివాళ్లో సైటు ఇంజినీరో దగ్గరుండి చూడాలి. స్లాబు వేసే రోజున కుర్చీ వేసుకుని కూర్చుని వైబ్రేటర్ పెడుతున్నారా లేదా అని చూసే శ్రద్ధలో సగం చాలు.

సరిగ్గా వేస్తే ఫలితం ఎంత? మామూలు షీట్లతోనే సుమారు 20 డెసిబెల్స్ తగ్గుతాయి. 77 ఉన్నది 60 కిందికి దిగుతుంది. చెవికి నాలుగో వంతు. పెద్దవాళ్ల మెత్తటి మడమ వేసే "ధబ్"లో తగ్గుదల ఇంతకంటే తక్కువగా ఉంటుంది, అది దాచాల్సిన పని లేదు. అయినా గిన్నె పడటం, కుర్చీ లాగడం, రోటి పోటు, గాజుల డబ్బా జారడం లాంటివి దాదాపు వినబడనంతగా అణగిపోతాయి.

"టైల్స్ పగుల్తాయి" అన్నది మేస్త్రీల అభ్యంతరం. మెత్తటి పొర మీద మామూలు అంగుళంన్నర బెడ్డు వేస్తే నిజంగానే పగుల్తాయి. అందుకే ఇళ్లకు 65 మిల్లీమీటర్ల మందం అని బ్రిటన్ ప్రమాణం. మందం, మెష్ ఉంటే ఆ భయం అక్కర్లేదు. ఈ మందమే ఇంకో ముఖ్యమైన సంగతి చెబుతుంది. బెడ్డు బరువు చదరపు మీటరుకు 130 కిలోల దాకా వస్తుంది. ఫ్లోర్ ఫినిష్ కింద 100 కిలోలు పట్టుకుని డిజైన్ చేయడం స్ట్రక్చరల్ ఇంజినీర్లకు అలవాటు. టైల్స్‌తో కలిపి 150 పట్టుకోమని ముందే చెప్పాలి. నేల మట్టం కూడా మామూలు కంటే అంగుళంన్నర పెరుగుతుంది. మెట్ల ఎత్తు, గడపలు, బాత్రూమ్ మట్టం, తలుపుల చట్రాలు అన్నీ దానికి తగ్గట్టు ప్లానులోనే గీయాలి. గృహప్రవేశం నాటికి గుర్తొస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. ప్లాను కాగితం మీద ఉన్నప్పుడు ఖర్చు ఒక షీటు, కాస్త సిమెంటు. టైల్స్ వేశాక అదే పనికి గునపాలు దించి నేలంతా పగలగొట్టాలి.

బాత్రూమ్ పైపులకు కూడా ఇదే వర్తిస్తుంది. పై ఇంటి పైపులు కింది బాత్రూమ్ కప్పులో వేలాడటం ఇక్కడి పద్ధతి. పలచటి పీవీసీ గొట్టంలో నీళ్లు దిగినప్పుడు పక్క పడగ్గదికి వినిపిస్తుంది. క్లాంపు లోపల రబ్బరు, గొట్టానికి బరువైన చుట్టు, గొట్టం గోడను దాటే చోట మెత్తటి తొడుగు: పనివాడు అక్కడున్న రోజున ఇవి గంట సేపటి పని. డాబా మీద నీళ్ల మోటారుకు కింద రబ్బరు దిమ్మలు పెట్టడం కూడా అంతే.

"మందం స్లాబు, మంచి సర్టిఫికెట్ ఉంటే చాలదా" అనేవాళ్లు దక్షిణ కొరియా వైపు చూడాలి. ఆ దేశంలో ఎక్కువమంది ఉండేది కాంక్రీటు అపార్ట్‌మెంట్లలో. అంతస్తుల మధ్య చప్పుడు అక్కడ పొరుగువాళ్ల మధ్య కొట్లాటలకు, దాడులకు దారితీసి జాతీయ సమస్య అయింది. గోడలే బరువు మోసే అపార్ట్‌మెంట్లకు స్లాబు కనీసం 210 మిల్లీమీటర్లు, అంటే ఎనిమిది అంగుళాల పైన ఉండాలని అక్కడ నిబంధన. నేల పొరలకు ప్రయోగశాల సర్టిఫికెట్లు కూడా అడిగారు. 2019లో ఆ దేశ ఆడిట్ సంస్థ 191 ఇళ్లలో కొలిచి చూస్తే 184 ఇళ్లలో సర్టిఫికెట్ మీద ఉన్న స్థాయి కనబడలేదు. 114 ఇళ్లు కనీస ప్రమాణానికీ అందలేదు. కాగితం మీద అంతా ఉంది, నేలలో లేదు. 2022 ఆగస్టు నుంచి ఇల్లు పూర్తయ్యాక కొలిచి చూసే పద్ధతి తెచ్చారు. ఇంగ్లండ్‌లో పూర్తయిన కొత్త ఇళ్లలో కొన్నింటిని యంత్రంతో పరీక్షించడం 2003 నిబంధనలతోనే వచ్చింది.

అమెరికా నుంచి వచ్చిన బంధువులు "అక్కడి చెక్క అపార్ట్‌మెంట్లలో ఇంకా ఘోరం, మన కాంక్రీటే నయం" అంటుంటారు. చెక్క దూలాల నేల మీద బరువైన అడుగు "ధబ్"మనడం నిజమే. కోడ్ అడిగే 50 కనీస మార్కు మాత్రమే, అది వచ్చినంత మాత్రాన హాయి రాదు. కానీ అక్కడ కనీసం అడిగేవాడు ఒకడున్నాడు. ఇక్కడ జాతీయ బిల్డింగ్ కోడ్ 2016లో ఎనిమిదో భాగం నాలుగో విభాగం మొత్తం శబ్దం గురించే. ఇళ్లలో శబ్ద నిరోధం మీద ఐఎస్ 1950 అనే ప్రమాణం 1962 నుంచే ఉంది. ఇన్నేళ్లుగా పుస్తకంలో ఉన్న మాట ఇళ్ల దాకా రాలేదు. జాతీయ కోడ్ సిఫారసు మాత్రమే, రాష్ట్రాలు తమ నిబంధనల్లోకి తెచ్చుకుంటేనే కట్టుబాటు అవుతుంది. ప్లాను మంజూరుకు సెట్‌బ్యాక్ ఎంత, ఎత్తెంత, పార్కింగ్ ఎక్కడ అని అడుగుతారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతంలో రాత్రి 45 డెసిబెల్స్ అని పరిమితి పెట్టాయి. అది ఆరుబయటి శబ్దానికి. ఇంటి లోపల నెత్తి మీద పడే దెబ్బకు కట్టుబాటయ్యే పరిమితి ఎవరూ పెట్టలేదు.

బిల్డర్ల బ్రోషర్లు కూడా అంతే. క్లబ్‌హౌస్, ఈత కొలను, టైల్ బ్రాండు, లిఫ్టు బ్రాండు రాస్తారు. రెండు ఫ్లాట్ల మధ్య నేల ఎంత శబ్దం ఆపుతుందో రాసే బ్రోషరు దొరకడం కష్టం. కోట్లు పెట్టి కొనేవాళ్లు అడగకపోవడం వల్లే ఇది సాగుతోంది. రెరా చట్టం 2016లోని 14వ సెక్షన్ ప్రకారం ఫ్లాటు అప్పగించిన ఐదేళ్ల లోపు పనితనంలో లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. అయితే ఏది లోపమో తేల్చడానికి ఒప్పందంలో ఒక అంకె ఉండాలి. ఆ అంకె రాయించుకుంటేనే తర్వాత నిలదీయడానికి ఆధారం.

అన్నిటికంటే బాధ కలిగించే వాదం చివరిది. "అపార్ట్‌మెంట్ అన్నాక సర్దుకుపోవాలి, పై వాళ్లకు మర్యాద ఉండాలి" అంటారు. ఈ మాట వినడానికి పెద్దరికంగా ఉంటుంది, చేసేది అన్యాయం. మూడేళ్ల పిల్ల ఇంట్లో పరుగెత్తడం తప్పు కాదు. మోకాళ్ల నొప్పులున్న ముసలావిడ కర్ర ఆనించుకుని నడవడం తప్పు కాదు. తెల్లారి షిఫ్టుకు వెళ్లేవాళ్లు నాలుగింటికి లేచి చపాతీలు ఒత్తుకోవడం తప్పు కాదు. కింది వాళ్లు ఆ వేళ నిద్రపోవాలనుకోవడం కూడా తప్పు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాలు పడగ్గదిలో రాత్రి ఒక్కో చప్పుడు కూడా 45 డెసిబెల్స్ దాటకూడదన్నాయి. ఆ నిశ్శబ్దాన్ని మర్యాదతో తేలేరు. నేల సరిగ్గా లేని ఇంట్లో రెండు మంచి కుటుంబాలు కూడా శత్రువులవుతాయి. కింది వాళ్లు చీపురు కర్రతో కప్పు కొడతారు. పై వాళ్లు పిల్లలను కదలకుండా కూర్చోబెట్టి కొడతారు. పిల్లల ఒంటి మీద ఆ దెబ్బలకు అసలు కారణం టైల్స్ కింద మిగుల్చుకున్న షీటు ఖర్చు.

ఇప్పటికే కట్టేసిన ఇళ్లవాళ్లకు చేతిలో ఉన్నవి చిన్న ఉపాయాలే. పై ఇంట్లో హాల్లో మందపాటి తివాచీ, పిల్లలు ఆడే చోట రబ్బరు మ్యాట్, కుర్చీ కోళ్లకు ఫెల్ట్ బిళ్లలు, మిక్సీ, రోలు, వాషింగ్ మెషీన్ల కింద రబ్బరు చాప. ఇవన్నీ పైనే పెట్టాలి, కింద కాదు. కింది ఓనరు ఫాల్స్ సీలింగుకు పోసే డబ్బులో చిన్న వంతు పెట్టి పై అద్దెవాళ్లకు ఒక మంచి తివాచీ కొనిస్తే, చాలా ఇళ్లలో ఆ సీలింగ్ కంటే ఎక్కువ ఫలితం వస్తుంది.

ఫ్లాటు చూడటానికి వెళ్లేవాళ్లు ఒక స్టీలు గరిటె వెంట తీసుకెళ్లాలి. ఒకరు పై ఫ్లాట్‌లో గట్టిగా మాట్లాడాలి, తర్వాత గరిటె నేల మీద పడేయాలి, కుర్చీ ఉంటే లాగాలి. ఇంకొకరు కింది పడగ్గదిలో తలుపు మూసుకుని వినాలి. మాట వినబడక, గరిటె ఖణేల్‌మంటే ఆ ఇంటి నేలలో పొర లేదని అర్థం. సేల్స్ మనిషి ఎన్ని సర్టిఫికెట్లు చూపించినా చెవి చెప్పిందే నమ్మాలి.

సొంతంగా కట్టుకునేవాళ్లకు ఇంకా గడువుంది. స్లాబు డ్రాయింగ్ చేతికొచ్చిన రోజున స్ట్రక్చరల్ ఇంజినీరును ఒక ప్రశ్న అడగండి: ఫ్లోర్ ఫినిష్ కింద ఎన్ని కిలోలు పట్టుకున్నారు, నేలకు ఎన్ని అంగుళాలు వదిలారు? 150 కిలోలు, మూడున్నర అంగుళాలు అని జవాబు వచ్చేదాకా ఆ డ్రాయింగ్ మీద సంతకం పెట్టకండి.